పేరు లేని బాతు కూర

“నీ నవలలు చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక చచ్చినవాళ్ళే నీకు దిక్కా?” తన తండ్రి శవపేటిక పక్కన పుచ్చగింజలు కొరుకుతూ అడిగాడు సొంఫొప్.

“చచ్చినవాళ్ళే నయం, హియా. వంకలు పెట్టరు,” అంది ఓరాథై. మా చైనా పేటలో అన్న వరసవాణ్ణి అలాగే పిలవాలి, వాడెలాంటివాడైనా సరే.

ఓరాథై నాలుగు నవలలు రాసింది. అన్నిటినీ మెచ్చుకున్నారు, ఎవరూ కొనలేదు. ఆమెకు అన్నం పెట్టింది చావు పుస్తకాలు. బాంకాక్‌లో డబ్బున్నవాడు పోతే దహనానికి వచ్చినవాళ్ళకు అతని జీవితకథ అచ్చేసి పంచాలి. మా వాళ్ళ పుస్తకాలన్నిటికీ మొదటి పేజీ ఒకటే: చాపా దిండూ చంకన పెట్టుకుని చైనా ఓడ దిగాడు, చెమటోడ్చాడు, కోట్లు గడించాడు. చాపతో దిగి ఆ చాప మీదే పోయినవాడికి పుస్తకం ఉండదు. ఓరాథై తండ్రి ఆ రకం. ఐదో నవల ఆయన గురించే. అచ్చు ఖర్చులో సగం నువ్వే పెట్టుకోవాలన్నాడు ప్రచురణకర్త. అందుకని సొంఫొప్ తండ్రి, ఈ బియ్యం వర్తకుడి పుస్తకం ఒప్పుకుంది. లక్షా ఇరవై వేల బాత్. సగం ముందు, సగం దహనం నాడు.

వివరాలకని కొట్టుకు వెళితే గల్లా దగ్గర ముయెంగ్ ఉంది. పోయినాయన చిన్నిల్లు. ఎనభై ఒక్క ఏళ్ళు. ఆయన పేకాటలో పోగొట్టినదంతా నలభై ఏళ్ళు కొట్టు నడిపి రాబట్టింది ఈమే.

“ఇంటివాళ్ళు కట్టే సంతాపపు ముతక బట్ట నన్ను కట్టుకోవద్దన్నారు. పోనీలే, అది ఒకటే దురద. పుస్తకంలో మాత్రం నా పేరు వెయ్యమ్మా. ఒక్క వాక్యం చాలు.”

“వేస్తాను, ఆమా,” అంది ఓరాథై. మా పేటలో అవ్వల్ని అలా పిలుస్తారు.

“పెద్దాడు సొంఫొప్ ఆ వాక్యం కొట్టేస్తాడు.”

“రాసేది నేను కదా.”

ఒక్క వాక్యం కాదు, మూడు పేజీలు రాసింది ఓరాథై. ఆమె రాసినవాటిలో అంత మంచి పేజీలు లేవు. అచ్చు ప్రతి చూసి సొంఫొప్ మొహం మాడ్చాడు.

“మా నాన్న కథలో ఈ ముసల్దేంటి?”

“మీ కొట్టు నిలబెట్టిన ముసల్ది.”

“జీతగాళ్ళు చాలామంది నిలబెట్టారు. తీసెయ్. లేదంటే ఇచ్చిన సగంతో సరిపెట్టుకో.”

ఇలాంటి చోట రచయిత్రి ధైర్యాన్ని పొగడడం రివాజు. ఆ అవకాశం ఓరాథై ఇవ్వలేదు. మర్నాటికి ఆ మూడు పేజీలూ తీసేసింది. ఆ ఖాళీలో, ఇలాంటి పుస్తకాల్లో మామూలుగా వేసే వంట పద్ధతి ఒకటి వేసింది, బాతు కూర. అది ముయెంగ్ చేతి వంటే. కింద పేరు లేదు.

దహనం నాడు ముయెంగ్ పరాయివాళ్ళ వరసలో నిలబడి పుస్తకం తీసుకుంది. కొట్టు లెక్కలన్నీ చైనా అక్షరాల్లోనే రాసిన మనిషి, థాయ్ చదవడం రాదు.

“ఎక్కడుందమ్మా నా పేరు?”

ఓరాథై బాతు కూర పేజీ తెరిచి, మధ్యలో ఏదో మాట మీద వేలు పెట్టింది. “ఇదిగో, ఆమా.”

ముసలామె ఆ మాటను బొటనవేలితో తడిమి చూసుకుంది. పేజీ మూల మడిచి పెట్టుకుంది.

ఇది జరిగి రెండేళ్ళు. సొంఫొప్ ఇవ్వాల్సిన అరవై వేల బాత్ ఇంకా ఇవ్వలేదు.