అచ్చులో ఉంచిన పోగులు

ఇవాళ పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు, మా వీధి మలుపులో కడుతున్న భవనం మీద క్రేను ఒక ఉక్కు దూలాన్ని స్తంభం పక్కకు దించింది. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి చూశాను. పైనున్న మనిషి మొనదేలిన కడ్డీ దూర్చి, దూలం రంధ్రాలు స్తంభం రంధ్రాలకు ఎదురుపడేదాకా సర్దాడు. వేలు పెట్టలేదు. పాలు పొంగిపోయాయి.

మా బాపు వేలు పెట్టేవాడు. హుజూరాబాద్‌లో మగ్గం మీద బతుకు సాగక, పందొమ్మిది వందల అరవైల్లో మమ్మల్ని వెంటబెట్టుకుని శ్రీరాంపూర్ వైపు బొగ్గుబావుల దగ్గర షెడ్లు కట్టే పనికి వచ్చాడు. "రెండేండ్లే, మల్ల పోదం" అని అవ్వకు చెప్పాడు. అందుకే మగ్గం అమ్మలేదు. నేసిన బట్ట కోసి తీసినా, పాత పడుగు చివర్లను, మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చు పళ్లలోనే ముడివేసి ఉంచాడు. తిరిగి వెళ్లిన రోజున కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతికితే చాలు, నేత మొదలవుతుంది. ఆ మెలి పడేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. మబ్బు పట్టిన రోజుల్లో తెగిన పోగును బాపు ఆ వేలితోనే తడిమి పట్టేవాడు. ఇనుము దగ్గరా అదే అలవాటు.

"ఏం బావా, దూలానికి గంజి గూడ పెడ్తవా? వేలు తియ్యి, కడ్డీ పెట్టు" అనేవాడట మేస్త్రీ.

"కంటికి ఆనతలేదు మేస్త్రీ. వేలికైతే తెలుస్తది" అనేవాడట బాపు.

ఒక మధ్యాహ్నం గొలుసుకు వేలాడుతున్న దూలం జొన్నగింజంత జరిగింది. మేస్త్రీ మా గుడిసెకు వచ్చి చెప్పాడు. అవ్వ ఏడవలేదు. "ఏ వేలు?" అని అడిగింది.

"కుడిచెయ్యి, చూపుడువేలు తెగింది. పానానికేం గాలే చెల్లె, ఫికర్ జెయ్యకు. బాగైనంక గీడనే పని ఇప్పిస్త, ఉన్నన్ని రోజులు."

మంచి మనసుతో అన్న మాటే. అవ్వ ఆ మాటకే గడపలో కూలబడింది.

గాయం మానాక బాపు దారపు ముక్కలు తెచ్చుకుని మధ్యవేలితో మెలిపెట్టి చూసేవాడు. లాగగానే విడిపోయేవి. కొన్నాళ్లకు దారం తేవడం మానేశాడు, హుజూరాబాద్ మాట ఎత్తడమూ మానేశాడు. అచ్చులో ఆ పోగులు అలాగే ఉండగా మగ్గానికి చెదపట్టింది. కాలం గాయాన్ని మాన్పింది, అంతకు మించి ఏమీ చేయలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పడుగు అతకరు.