పదకొండు జాకెట్లు, ఒక కత్తెర

సరిగ్గా చెప్పాలంటే అది ఒక బుధవారం, సాయంత్రం ఐదు గంటల పన్నెండు నిమిషాలకు మొదలైంది. (ఐదుంబావుకు మొదలుకావాలి, మూడు నిమిషాలు ముందే వేసేశారు. నేను అప్పటికే టీవీ ముందు కూర్చుని ఉన్నాను గనక సరిపోయింది.) మలేషియాలో మా ఊరు సుంగై సిపుట్‌లో ఇంటికి ఒక్కటే టీవీ, దానికి ఇంటిల్లిపాదీ యజమానులుగా ఉన్న కాలం అది. నాకు ఇరవై ఆరేళ్లు. రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో హాజరు పట్టీ రాసే గుమస్తాని. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసిపెట్టేదాన్ని కాబట్టి నాకు స్నేహితులు తక్కువ. ఆ బుధవారం మొదలైంది ఒక జపాను ప్రేమకథ, వారానికి ఒక భాగం, కింద మలాయి భాషలో అనువాదం. అందులో అబ్బాయికి చెవులు వినిపించవు. అమ్మాయి అతని కోసం చేతుల భాష నేర్చుకుంటుంది. మొదటి భాగం అయ్యేసరికి నా పమిట కొంగు తడిసి ముద్దయింది. దానికి కారణం జపానులో లేదు, మా ఊరి బస్టాండు పక్కనే ఉంది.

బస్టాండు పక్కన ఒక టైలరు ఉండేవారు. తమిళ కుర్రవాడు, మెడలో టేపు, పెదవుల్లో ఒక పక్కే నవ్వు. ఆయనకూ చెవులు వినిపించవు. కాగితం మీద మలాయిలో రాసుకుంటూ పని నడిపేవారు. ఒకసారి అమ్మ జాకెట్టు కొలతలు రాసి ఇస్తే, ఆ కాగితాన్ని కాసేపు చూసి, కింద "మీ అంకెలు చాలా అందంగా ఉన్నాయి" అని రాశారు. (నా అంకెలను మెచ్చుకున్న మగవాడు అంతకు ముందు లేడు, ఆ తర్వాతా లేడు.)

ఇక ఆగుతానా? మూడో భాగం వచ్చే వేళకి అల్మరాలోంచి ఒక వీడియో క్యాసెట్ తీసి ఆ భాగమంతా రికార్డు చేసేశాను. (క్యాసెట్ మీద పేరు రాసి లేదు. రాయకపోవడం మా అన్నయ్య తప్పు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.) వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, "వాన వచ్చినా నీ కోసం స్టేషన్లో నిలబడతాను" అనే ఒక్క వాక్యాన్ని అద్దం ముందు చేతులతో నేర్చుకున్నాను. అమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటే పిల్లా, దోమల్ని తోల్తన్నావా? కాయిల్ ఎలిగించుకో లా!" అంది. (మాట చివర ఆ "లా" మా మలేషియా వాళ్ల అలవాటు.)

మర్నాడు గురువారం. జాకెట్టు గుడ్డ ఇచ్చి, నా వాక్యాన్ని చేతులతో పలికాను. ఆయన చూశారు. మళ్లీ చూశారు. కాగితం తీసి "మీది ఏ దేశం?" అని రాశారు. చేతుల భాషకు కూడా దేశాలుంటాయని, జపాను వాళ్ల చేతులు వేరు, మలేషియా చేతులు వేరు అని నాకేం తెలుసు! నేను తెల్లమొహం వేస్తే, ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. "మీకు కూడా వినిపించదా?" అని రాశారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కూడిక తప్పు చేయని నా తల, నన్నడక్కుండానే అవునని ఊగింది.

అక్కడినుంచి ప్రతి గురువారం నేను ఆ దుకాణంలో చెవిటిదాన్ని. వారానికొక జాకెట్టు గుడ్డ పట్టుకెళ్లడం, ఆయన నాకు ఇక్కడి చేతుల భాష నేర్పడం. అన్నం, వాన, చాయ్, ఆలస్యం. (ఆలస్యం అన్నది మొదట నేనే అడిగాను.) వెనక లారీ హారన్ కొట్టినా, పక్కన పూలమ్మే తమిళావిడ కేకలేసినా మెడ తిప్పకుండా కూర్చునేదాన్ని. అన్నిటికన్నా కష్టం కత్తెర. ప్రతి వారం, సరిగ్గా నేను కూర్చున్న కాసేపటికి, ఆయన చేతిలోంచి ఆ పెద్ద ఇనుప కత్తెర సిమెంటు నేల మీద ఠంగున పడేది. పాపం, చేతిలో పట్టు లేదు కాబోలు అనుకుని, రాయిలా ఉండిపోయేదాన్ని. తొమ్మిదో గురువారం, క్లాంగు పట్నంలో ఉన్న తన అన్నగారు పెద్ద దుకాణానికి రమ్మంటున్నారని, తానింకా ఏమీ తేల్చుకోలేదని చేతులతో చెప్పి, నా మొహంలోకి చూశారు. నేను బదులుగా "చాయ్" అన్నాను. నాకు బాగా వచ్చిన మాట అది.

పదో గురువారం దాటిన ఆదివారం అన్నయ్య పెళ్లిరోజు. కువాలా సెలంగోర్ నుంచి వదిన అమ్మానాన్నలు వచ్చారు. పెళ్లి క్యాసెట్ వేశారు. పంతులు గారు తాళి ఎత్తారు, సన్నాయి జోరందుకుంది, టక్కున వాన. వానలో ఒక జపాను పిల్ల ఏడుస్తోంది.

"పెళ్లికి జపానోళ్లు కూడా ఒచ్చినారేటి, అల్లుడూ?" అన్నారు వదిన నాన్నగారు.

"నా తాళి ఏదీ?" అని వదిన లేచింది. "అమ్మాయ్! ఇది నీ పనే! నా తాళి తుడిపేసినావా?"

నేను నోరు విప్పలేదు. అలవాటైపోయింది.

వదిన నాకన్నా గట్టి గుమస్తా. నాకున్న మూడు చీరలకి నేను పది జాకెట్లు కుట్టించానని లెక్కేసి, గురువారం నా వెనకాలే వచ్చింది. నేను కూర్చున్నాను, ఆయన చేతులాడిస్తున్నారు, గుమ్మంలో వదిన.

"ఓహో! ఈ కుర్రోడి కోసమా లా నా తాళి పోయింది?"

"నెమ్మదిగా, వదినా! వింటారు!" అని అరిచేశాను.

వినేవాళ్లు అక్కడ వదిన, నేను, పూలావిడ. ఆయన విననే లేదు. చూశారంతే, నా పెదవుల వంక. తర్వాత కత్తెర కింద పెట్టి, బల్ల పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. కాగితం మీద "మొదటి వారమే తెలుసు. కత్తెర పడితే మీ భుజం ఎగిరింది" అని రాశారు.

మరి ప్రతిసారీ ఎందుకు పడేశారని, ఆయన నేర్పిన చేతులతోనే అడిగాను.

"ఎంతకాలం ఓర్చుకుంటారో చూద్దామని."

ముందే చెప్పొచ్చుగా?

"చెబితే మీరు రారు కదా." దాని కింద, కొంచెం ఆగి: "వచ్చే గురువారం వస్తారా?"

తలూపి పారిపోయాను. గొడుగు అక్కడే మర్చిపోయాను. మళ్లీ వెళ్లడానికి సిగ్గు. మొదటి గురువారం తలనొప్పన్నాను, రెండో గురువారం ఫ్యాక్టరీలో పనన్నాను, మూడో గురువారం బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాలుగో గురువారం వెళితే తలుపు మూసి ఉంది. పూలావిడ పదకొండో జాకెట్టు పొట్లం చేతికిచ్చి, "క్లాంగు పోయినాడు. మూడు వారాలు నీ కోసం కుర్చీ వేసి ఉంచినాడు" అంది, తమిళంలో, దుకాణాలన్నీ వినేలా.

ఆ తర్వాత నా బతుకు వేరే దారిన బాగానే నడిచింది. మొన్న మేనకోడలి కూతురు ఫోనులో ఏదో జపాను కథ చూస్తూ, అందులో చేతులు ఏమంటున్నాయని అడిగింది. నాకు జపాను చేతులు రావు తల్లీ, ఇక్కడివే వచ్చు అని చెప్పి, "చాయ్" చేసి చూపించాను. అదీ నేనూ పడీపడీ నవ్వాం. ఇప్పటికీ వంటింట్లో గిన్నె పడితే ఇంట్లో అందరూ ఉలిక్కిపడతారు. నేను కదలను.

జాకెట్లు పోలేదు, పదకొండూ ఉన్నాయి, ఇప్పుడు పట్టవంతే. పోయినవి ఇవి: వదిన పెళ్లిలో నలభై ఏడు నిమిషాలు, తాళితో సహా. నల్ల గొడుగు ఒకటి. గురువారాలు మూడు.