అవ్వ పెట్టిన నల్లచుక్క

ఉత్తరం చివర ముద్దుకు గుర్తుగా ఇంటూ మార్కులు పెడతారని నాకు హాస్టల్లో తెలిసింది. మా గదిలో ఒకమ్మాయి స్నేహితురాలికి రాసే ప్రతి ఉత్తరం కింద వరుసగా నాలుగు పెట్టేది. లెక్క తప్పితే సారు కొట్టే గుర్తు ముద్దెట్లా అయిందని అడిగాను. "ఎక్కడ్నో ఎవరో మొదలుపెట్టి ఉంటరు తియ్యి" అంది. నాకు మాత్రం ఒక గుర్తు ఎక్కడ మొదలైందో ఖాయంగా తెలుసు. కట్టంగూరు దగ్గర మా ఇంట్లో, మా అవ్వ కాటుక డబ్బాలో.

తొంభైల మొదట్లో మాట. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంటి దగ్గర గొర్లు కాసే బాపు, నన్ను పెంచిన ఆయన తల్లి, మా అవ్వ, అంతే. ఇద్దరికీ చదువు రాదు. పక్కింటి దర్జీ సాయబు వాళ్లకు కార్డులు రాసిపెట్టేవాడు. నేను మహబూబ్‌నగర్‌లో చదువుకుంటున్నాను. టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష దగ్గరపడింది. "గీ ఒక్కపాలి రాయి. రాకుంటె పెండ్లి చేస్త" అని బాపు ముందే చెప్పేశాడు.

పరీక్షకు ముందురోజు పొద్దున పుస్తకం ముందేసుకుని కూర్చుంటే హాస్టల్ ఆయా వచ్చింది. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"బిడ్డా, నీకు కార్డొచ్చింది. మూలకు నలుపున్నది. గేటు కాడ్నే చింపి మోరీల ఏసిన."

చావు కబురు మోసుకొచ్చే కార్డు మూలకు నలుపు పూయడం మా వైపు ఆచారం. అది గడప దాటకూడదు, బయటే చదివి చింపేయాలి. మహాతల్లికి ఆచారంలో చింపడం ఒక్కటే వచ్చు, చదవడం రాదు.

"ఎవరు పోయిన్రు?"

"నాకేమెర్క బిడ్డా? పోస్టాయన నీ పేరు చెప్పి ఇచ్చిండు. జర దిల్ గట్టి చేసుకో."

గేటు పక్క మురుగు మోరీ దగ్గరికి ఉరికాను. ముక్కలు నీళ్లలో నాని, సిరా అంతా కరిగిపోయి ఉంది. పరీక్ష సంగతి ఆ క్షణంలో గుర్తుకు కూడా రాలేదు.

కల్వకుర్తి, దేవరకొండ, నల్లగొండ, బస్సు మీద బస్సు మారాను. అవ్వనా, బాపునా? కాసేపు ఇద్దరినీ బతికించుకున్నాను. దేవరకొండ వచ్చేసరికి ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదన్నట్టు, మనసులో బాపును చంపేశాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

మాపటికి ఇల్లు చేరితే, బాపు గొర్లను దొడ్లోకి తోలుతున్నాడు. అవ్వ వాకిట్లో పెసర్లు చెరుగుతోంది. అక్కడే కూలబడ్డాను.

"గిదేందే, పరీచ్చ రేపే గదా?" అవ్వ చాట కింద పెట్టేసింది.

"కార్డెవరు పంపిన్రు?"

"నేనే. మంచిగ రాయి బిడ్డా అని సాయబుతోని రాపిచ్చిన. కార్డంటె తొవ్వ పొడుగూత అందరు సదువుతరు గదా, నీ ముచ్చట మీద దిష్టి పడొద్దని మూలకు జర కాటుక పెట్టిన. చిన్నప్పుడు నీ చెంపకు పెట్టినట్టే."

చావు కార్డులు మగవాళ్లు గడప బయటే చదివించుకుని చింపేసేవాళ్లు. లోపలి ఆడవాళ్లకు కబురు మాత్రమే చేరేది. అరవై ఏళ్లు దాటినా అవ్వ అట్లాంటి కార్డు ఒక్కటీ చూడలేదు. పరీక్ష పొద్దున పది గంటలకు. రాత్రి బస్సుల్లేవు, తెల్లారి బయల్దేరినా అందదు. ఒళ్లంతా మండిపోయింది. అరవడానికి నోరు తెరిచాను కూడా. దొడ్డి దగ్గర బాపు తల అడ్డంగా ఊపాడు. ఆయనకు అర్థమైపోయింది.

"పరీక్ష వాయిదా పడ్డదే అవ్వా" అన్నాను.

"చూసినవా, సదువుకోనీకి ఇంకిన్ని దినాలు దొరికినయి. అంత నా కాటుక మహిమ!"

బాపు నా పక్కన కూర్చున్నాడు. "పెండ్లి ఫికర్ ఇడిసిపెట్టు. వచ్చే ఏడు మళ్ల రాద్దువు" అన్నాడు మెల్లగా.

రాశాను, సీటొచ్చింది. ఆ పరీక్షకు ముందూ నల్లచుక్క కార్డు వచ్చింది. నేను ముందే చెప్పి ఉంచడంతో ఆయా దాన్ని చింపలేదు గానీ గేటు లోపలికీ తేలేదు, బయటే నిలబడి నన్ను పిలిచింది. అవ్వ మాత్రం ఏ కార్డుకూ కాటుక మానలేదు.

నేను తిరుమలగిరిలో టీచరుగా ఉన్నప్పుడు ఇంటి నుంచి కార్డొచ్చింది. మూలలన్నీ తెల్లగా ఉన్నాయి. అవ్వ కాటుక మరిచిపోయిందని నవ్వుకుంటూ గడప దాటి లోపలికొచ్చి చదివాను. అవ్వ పోయిందని ఉంది.

"నలుపు నేను పెడతనన్న. మీ బాపు పెట్టనియ్యలే" అన్నాడు దర్జీ సాయబు తర్వాత. "గది మా అమ్మ నా బిడ్డకు పెట్టే చుక్క, చావుకెట్ల పెడతవ్ అన్నడు."