నారు నాటినారని చెప్పిన నోరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తమిళనాడులోని రాజపాళయం బస్టాండు దగ్గరి స్కాన్ సెంటర్‌లో నేను ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌ని. పక్క ఊరు మంసాపురంలో వరి పండించే రామసామి గారు భార్య సుబ్బమ్మను ఆటోలో తీసుకొచ్చారు. పక్షవాతంతో ఆమె కుడి చెయ్యి పడిపోయింది. మదురైలో ఒక ఆసుపత్రివాళ్ళు పరిశోధనలో భాగంగా ఆమె ఎముక మజ్జ నుంచి స్టెమ్ సెల్స్ తీసి, మెదడులో దెబ్బతిన్న చోటు పక్కన పెట్టారు. వేరే రకం కణాలుగా మారగలిగే లేత కణాలవి. పెట్టే ముందు వాటికి సన్నటి ఇనుప రజను పట్టించారు. ఇనుము ఉన్నచోట స్కాన్‌లో నల్లగా కనిపిస్తుంది. కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి మదురైకి పంపడం మా పని.

తీసి పంపడమే. వివరం చెప్పడం డాక్టర్ల పని. కానీ నా నోరు ఊరుకునే రకం కాదు.

"చూడండయ్యా, నారు నాటినట్టు నాటినారు. అదో, ఆ నల్ల చుక్కలే. అక్కడే ఉండాయి" అన్నాను మొదటిసారే. ఆయన స్క్రీన్‌కు చేతులు జోడించారు.

రెండోసారీ చుక్కలు అక్కడే ఉన్నాయి. ఆయన సంతోషంగా నాకో సంచి సపోటాలు ఇచ్చి వెళ్ళారు. మూడోసారి సుబ్బమ్మను బల్ల మీదికి ఎక్కిస్తుంటే ఆమె కుడి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. పుల్లలా చిక్కిపోయి, వేళ్ళు ముడుచుకుపోయి ఉంది.

"ఎక్సర్‌సైజ్ చేయిస్తా ఉండారా అయ్యా?"

"లేదమ్మా. నాటినాక వేరు పట్టేదాకా చేలో కాలు పెట్టకూడదు కదా. కదిపితే నారు తేలిపోతాది. ఫిజియో పాప వస్తే వద్దని పంపించేసినాను. తల కూడా నేనే మెల్లగా దువ్వి పిన్నులు పెడతాను. నీవే కదా చెప్పినావు, నాటినారని."

ఇన్ని నెలలూ ఆయన ఆమెను కదలనివ్వకుండా కాపాడుకున్నది నా మాట పట్టుకునే.

స్కాన్ అయ్యాక మదురై డాక్టర్‌కి ఫోన్ చేసి నేనన్నదంతా చెప్పాను. ఆయన కోప్పడ్డారు, పడాల్సిందే. నాటిన కణం చచ్చిపోయినా మెదడులోని వేరే కణాలు దాని ఇనుమును మింగి అక్కడే కూర్చుంటాయట. అప్పుడూ చుక్క నల్లగానే ఉంటుంది. ఎక్సర్‌సైజ్ మాత్రం ఈ రోజే మొదలుపెట్టాలన్నారు.

బయటికొచ్చి ఇద్దరి ముందూ కూర్చున్నాను. "తప్పు నాదయ్యా. చుక్క ఉంటే ఇనుము ఉండాదని అర్థం, అంతే. కణాలు బతికి ఉండాయో లేదో ఈ మెషిన్‌కు తెలీదు. చెయ్యి మాత్రం ఆడించాల్సిందే."

రామసామి గారు ఆమె ముడుచుకున్న వేళ్ళ మీద చెయ్యి వేశారు. "పావం, దాన్ని కట్టి పడేసినాను" అన్నారు.

సుబ్బమ్మకు మాట నిదానంగా వచ్చేది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి అంది: "నాటింది నా తలలో. నన్ను ఒక మాట అడిగినారా, మీరిద్దురూ?"

ఆ సాయంత్రమే రామసామి గారు ఫిజియో అమ్మాయిని మళ్ళీ పిలిపించారు.

ఆ తర్వాతి స్కాన్ మదురైవాళ్ళు దాదాపు ఏడాదికి పెట్టారు. లోపలికి వెళ్ళే ముందు ఇనుప వస్తువులన్నీ తీసేయాలి. అలవాటుగా రామసామి గారు ఆమె కొప్పు మీద చెయ్యి వేశారు. ఆమె ఎడమ చేత్తో ఆయన్ని ఆపింది.

"ఉండు. నేను తీస్తాను."

కుడి చెయ్యి వణుకుతూ పైకి లేచింది. చెవి దగ్గర ఆగి, మళ్ళీ లేచింది. బయట పేషెంట్లు కాచుకుని ఉన్నారు, ఉండనిచ్చాను. ఒక పిన్ను లాగి నా అరచేతిలో పెట్టింది. ఇంకోటి తీయలేకపోయింది. "ఇది నీవు తీ" అంది మొగుడితో. ఆయన తీసి, దాన్నీ నా అరచేతిలోనే పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ రోజు చుక్కలు మునుపటికంటే పలచబడ్డాయి. చెయ్యి లేచింది కణాల వల్లో, ఎక్సర్‌సైజ్ వల్లో డాక్టర్లే తేల్చలేదు. ఇప్పుడు ఎవరైనా స్క్రీన్ చూపించి అదేమిటని అడిగితే డాక్టర్ చెబుతారని ఊరుకుంటాను. బల్ల మీద పడుకున్న మనిషిని మాత్రం ముందు అడుగుతాను, ఎలా ఉండావమ్మా అని.