ఒక్క పోగు మిగిల్చి హంపికి

మా మామ గంగాధరప్ప హంపి చూడలేదు. ఈ మాట ఆయన ముందర అన్నారంటే మీ పని అయిపోయినట్టే. "చూడనిదేముండాది ఆడ?" అని మొదలుపెడతాడు. రాతి రథం ఏ దిక్కుకు తిరిగుంటాదో, గుడి ముందర ఏనుగుకు అరటిపండు ఎట్ల అందియ్యాల్నో, తుంగభద్రలో పుట్టి ఎక్కితే ఏ పక్క కూర్చుంటే తడవమో, అన్నీ ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. పక్కింటోళ్ళు నిజంగానే హంపికి పోయొచ్చి ఫోటోలు చూపిస్తే, "మీరు పోయింది తప్పు దావ" అని వాళ్ళనే తిట్టి పంపించినాడు. పాపం, వాళ్ళు మాకు ప్రసాదం ఇద్దామని వచ్చినారు.

నాది హిందూపురం, పేరు సుచిత్ర. ధర్మవరానికి కోడలిగా వచ్చిన నాటినుంచి ఈ హంపి నా చెవిలో జోరీగ. పెండ్లయినంక మొదటిసారి అందరం మా పుట్టింటికి పోతాంటే, పెనుకొండలో బస్సు ఆగిందో లేదో దిగేసినాడు మహానుభావుడు. "హంపి రాజులకు ఈడ కూడా ఇల్లు ఉన్యాదమ్మా. ఈడ ఒక మాట చెప్పకుండా ఆడికి ఎట్ల పోతాం?" అన్నాడు. గగన్ మహల్ గోడకు చెయ్యి ఆనించి, "తొందర్లోనే వస్తాండాం" అని గోడకు చెప్పినాడు. హిందూపురంలో మా యమ్మ ఒబ్బట్లు చేసుకుని వాకిట్లో నిలబడుంటే, ఈడ మా మామ గోడతో ముచ్చట పెట్టినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాకు కన్నడం వస్తాదని తెలిశాక ఇంకో తలనొప్పి. హంపిలో పనికొస్తాది, నేర్పించమన్నాడు. నేర్పిస్తే ఆయనకు పట్టుబడింది ఒకే ఒక్క మాట, "ఊట ఆయ్తా?" అన్నం తిన్నారా అని దాని అర్థం. ఇంక చూసుకోండి, తెల్లారి పాలాయన వస్తే ఊట ఆయ్తా. కరెంటు మీటరు చూసేదానికి వచ్చినాయన్ని ఊట ఆయ్తా. ఆ మీటరాయన నిజంగానే తినలేదంట, కూర్చుని శుభ్రంగా మా ఇంట్లో తిని పోయినాడు.

మరి ఇంత పిచ్చి ఉన్నోడు ఎందుకు పోలేదు? మగ్గం. మా మామ పట్టుచీరలు నేస్తాడు. నిలువు పోగుల కట్టను మేం వార్పు అంటాం. ఒక వార్పు మగ్గానికి ఎక్కిస్తే మూడు చీరలదాకా వస్తాయి. మామ వాళ్ళ నాయన పోతాపోతా రెండు మాటలు చెప్పి పోయినాడంట. ఎక్కిన వార్పు అయిపోయేదాకా రాత్రి ఊరి బయట పండుకోగూడదు, ఇది మొదటిది. మగ్గం ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండగూడదు, ఇది రెండోది. రెండూ కలిపి చూడండి. ఎక్కి ఉంటే పోగూడదు, దిగితే వెంటనే ఎక్కియ్యాల. అంటే ఈ మనిషి జన్మలో రాత్రిపూట ఊరు దాటేదానికి లేదు! ఆ పెద్దాయన బతికుంటే నేనే నిలబెట్టి అడిగేదాన్ని.

పోయిన నెల మామ మోకాళ్ళు మొరాయించినాయి. గుంతమగ్గంలో కాళ్ళు ఆడించి ఆడించి అరిగిపోయినాయని డాక్టరు చెప్పినాడు. "పెద్దాయనా, తిరిగేదేమన్నా ఉంటే ఈ చలికాలంలోనే తిరిగెయ్. వచ్చే ఏడు నిన్ను మెట్లు ఎక్కనియ్యను" అన్నాడు. ఇంటికొచ్చినంక మామ హంపి ఊసే ఎత్తలేదు. ఆ రోజు సంకటిముద్ద సగం వదిలేసినాడు. చెవిలో జోరీగ ఆగిపోతే సంతోషపడాల గదా నేను? నాకేమో ఏడుపొచ్చింది. ఎట్లయినా సరే, ఈయన్ని ఈసారి పంపియ్యాల్సిందే అనుకున్నా.

మగ్గం పక్కన కూర్చుని కోపంతో ఆలోచిస్తాంటే దావ దొరికింది. పాత వార్పు అయిపోతూనే దాని కొసలకు కొత్త వార్పు పోగులు ఒక్కొక్కటే మెలేసి అతకాల. అతికేటప్పుడు వార్పు ఎక్కినట్టా? కాదు. మగ్గం ఖాళీ ఉన్నట్టా? అదీ కాదు! ఆ మధ్యలో పోయిరావచ్చు గదా. ఈ మాట చెబితే మామ మొహం వెలిగిపోయింది. "మా నాయనకు కూడా తట్టలేదు చూడమ్మా" అన్నాడు. మా ఆయన చంద్రమోహన్ ఒక స్నేహితుని కారు అడిగి పెట్టినాడు. మామ ఆ పొద్దే కొత్త బూట్లు కొనుక్కుని, అలవాటు కావాలని వీధిలో ఆ కొసనుంచి ఈ కొసకు మార్చింగు చేసినాడు. కుక్కలు వెంటబడినాయి. వాటిని కూడా ఊట ఆయ్తా అని అడిగినాడు.

అంతా బాగానే ఉండాది, పాత వార్పు కూడా అయిపోయింది, కొత్తది అతికే బాలనాగమ్మతోనే వచ్చింది చిక్కు. మా వీధిలో ఆమె చెయ్యంత వేగం ఇంకెవరిదీ కాదు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేలోపల పని ముగిస్తాది. అతకడం అయిపోతే వార్పు ఎక్కినట్టే లెక్క, మేమేమో ఒక రాత్రి హంపిలో ఉండాల. మామ పోయి, "బాలనాగమ్మా, ఈసారి రొంత నిమ్మళంగా అతుకు తల్లీ" అన్నాడు. అంతే!

"ఏమన్నావ్? నిమ్మళంగానా? నా చేతులకు ఏం రోగమొచ్చిందనుకున్నావన్నా?" అని ఆమె వీధంతా వినపడేట్టు లేచింది. "మీ ఇంటి గడప తొక్కితే ఒట్టు" అని పోయింది. మామ వెనకాలే పోయినాడు, ఆ కొత్త బూట్లతోనే. బతిమాలినాడు. చివరికి, "సరే, నీ వేగంతోనే చెయ్యి, ఒక్క పోగు మాత్రం మిగిల్చి పెట్టు, నేనొచ్చినంక అతుకుదువు" అన్నాడు.

బాలనాగమ్మ ఇంకా పెద్దగా అరిచింది. "ఒక్క పోగు మిగిల్చి నేను ఊర్లో తిరిగితే నలుగురూ ఏమంటారు? బాలనాగమ్మకు చూపు పోయిందంటారు!" అని కాసేపు గసపోసుకుని, గొంతు తగ్గించి, "నేను ఊర్లో లేకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు" అంది.

"యాడికి పోతావు?" అన్నాడు మామ అమాయకంగా.

"మీ కార్లో జాగా లేదా ఏంది?"

ఇట్ల బాలనాగమ్మ కూడా బయలుదేరింది. మా అత్త రంగనాయకమ్మకు ఇది నచ్చలేదు. "కిటికీ పక్కన సీటు నాది, ఇప్పుడే చెబుతాండా" అని ముందురోజు నుంచే గొణగడం మొదలుపెట్టింది. బాలనాగమ్మ చెప్పినట్టే సాయంత్రానికి అతకడం ముగించి, ఒక్క పోగు వదిలి, దానికి పసుపు పూసి దండం పెట్టుకుంది.

తెల్లారి అందరం కారెక్కినాం. అత్త కిటికీ పక్కన. బాలనాగమ్మ ఇంకో కిటికీ పక్కన. ఇద్దరి మధ్య నేను, ఒళ్ళో చిత్రాన్నం గిన్నె. మామ లేడు. చంద్రమోహన్ హారను కొట్టినాడు, రాలేదు. గిన్నె అత్త ఒళ్ళో పెట్టి, తిట్టుకుంటా లోపలికి పోయినా. చూస్తే గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందర కూర్చుండాడు, బూట్లు ఇప్పి పక్కన పెట్టుకుని.

"ఏం చేస్తాండావు మామా? మళ్ళీ ఏమొచ్చింది? ఆ ఒక్క పోగు కూడా అతకాలంటే నువ్వే అతుక్కో!" అని అరిచినా.

"పోగు కాదమ్మా" అన్నాడు. "నాకు భయమైతాంది."

"దేనికి?"

"ఇన్నేండ్లు ఈ గుంతలో కూర్చుని దాన్ని తలుచుకుంటానే నేసినా. చెయ్యి నొప్పి పుడితే హంపి, చీర అమ్ముడుపోకుంటే హంపి. పోయి చూస్తే అంత బాగలేకపోతే ఏం చెయ్యాల? అప్పుడు ఈడ కూర్చుని దేన్ని తలుచుకోవాల?"

నేను పక్కన గట్టు మీద కూర్చున్నా. బయట అత్తా బాలనాగమ్మా కిటికీ అద్దం దించాల్నా ఎత్తాల్నా అని కొట్లాడుకుంటాండేది వినిపిస్తాంది.

"బాగలేకపోతే బాగలేదని అందరం కూర్చుని తిట్టుకుందాం మామా" అన్నా. "నువ్వు ఒక్కనివే తలుచుకుంటా ఉంటివి ఇన్నాళ్ళు. తిట్టుకునేదానికైతే మేమందరం ఉండాం."

మామ బూట్లు తీసుకుని చెయ్యి చాపితే, లేపి నిలబెట్టినా. మోకాళ్ళు టక్కుమన్నాయి. కారెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటినాం, అనంతపురం దావ పట్టినాం, అయినా ఒక్క మాట లేదు. బాలనాగమ్మకే అనుమానమొచ్చి, "ఏమన్నా, బాగుండావా?" అని అడిగింది.

మామ వెనక్కి తిరిగి నన్నే చూసినాడు. కండ్లు ఎర్రగా ఉండాయి, మొహమంతా నవ్వు.

"అమ్మా సుచిత్రా, మనం నిజంగానే పోతాండామా?"

"పోతాండాం మామా" అన్నా.