గట్టు కింది గనిలో మా బావ

మా బావ పోయాడన్న కబురు మా అక్కే ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూ కాదు, కోప్పడుతూ.

"పొద్దుగాల చాయ్ తాగిండు తమ్మీ. పొలం దిక్కు పోయొస్త అన్నడు. చెప్పులు తొడుక్కుందామని అరుగు మీద కూసున్నడు. ఒక్క కాలుకే తొడుక్కున్నడు. రెండోది తొడుక్కునేదాక గూడ ఆగకపాయె."

వెనక ఎవరో ఏడుస్తున్నారు. వాళ్లను కూడా కోప్పడి ఫోన్ పెట్టేసింది.

నేను గోదావరిఖనిలో బస్సెక్కి జైపూర్ పక్కన ఉన్న వాళ్ల ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. గనిలో ఆయనతో పనిచేసినవాళ్లు ఒక పక్క, ఊరి రైతులు ఒక పక్క. గనివాళ్లు ఆయన గని కప్పుకు దుంగలు నిలబెట్టిన తీరు చెప్పుకుంటున్నారు. రైతులు ఎలుకల గురించి చెప్పుకుంటూ మధ్యమధ్య నవ్వుతున్నారు. చావింటి ముందర ఎలుకల ముచ్చట నేను అంతకు ముందెక్కడా వినలేదు. తప్పేమోనని చూస్తుంటే లోపలి నుంచి అక్కే అందించింది: "ఆ ఇనుప బోను సంగతి గూడ చెప్పుండ్రి." కాబట్టి ఇది కన్నీళ్లతో రాయడం నా వల్ల కాదు. మీరూ అలా చదవొద్దు.

బావ భూగర్భ గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చేతికర్రతో కప్పును కొట్టి చూసేవాడు. రాయి గట్టిగా ఉంటే ఒక మోత, లోపల పొర విడిపోయి ఉంటే ఇంకో మోత. "కప్పు మాట్లాడుతది బామ్మర్దీ, మనమే నోరు మూసుకొని ఇనాలె" అనేవాడు. ఒకసారి కప్పుకంటే ముందు ఎలుకలే మాట్లాడాయట. టిఫిన్ గిన్నెల చుట్టూ తిరిగేవన్నీ ఒక్కసారిగా ఒకే దిక్కుకు ఉరికాయి. వాటి వెంబడి బావా, ఆయన జట్టూ ఉరికారు. వెనక కప్పు కూలింది. ఆ రోజు నుంచి బావ తన టిఫిన్‌లో ఎలుకలకు వాటా తీసిపెట్టేవాడు.

ఈ సంగతి నాకెలా తెలుసంటే, ఆ గని మీది క్యాంటీన్‌లో చాయ్ పోసినవాణ్ణి నేనే. నా చదువంతా అక్కడే, బజ్జీలు కట్టే పేపరు ముక్కల మీద. ముక్కలో సగం కథే ఉండేది, మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇంకా పోలేదు గానీ, మా బావ విషయంలో దాని అవసరం రాలేదు. పూరీలు కట్టించుకుంటూ "చిన్నదొకటి ఎక్కువ పెట్టు, కింద మన దోస్తులున్నరు" అనేవాడు. పెట్టేవాణ్ణి.

రిటైరయ్యాక బావకు వ్యవసాయం మీద మనసు పడింది. భూమి అక్కకు మా నాయన ఇచ్చింది, అందుకని షరతు కూడా అక్కే పెట్టింది.

"ఒక్క పంట సూస్త. వడ్లు ఇంటికొచ్చినయా, సరే. రాలేదా, భూమి కౌలుకిచ్చి బిడ్డ దగ్గరికి పోవుడే."

అన్నట్టే, గని క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు తన బీరువాను ఊరికి తేకుండా బిడ్డ ఇంట్లోనే పెట్టించింది. గోదావరిఖనిలో ఉన్న బిడ్డ మంచిదే, అల్లుడూ మంచివాడే. కానీ వాళ్ల వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. దాన్ని చూస్తే బావకు భయం. "అండ్ల కూసుంటే పొద్దంత రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కవెట్టుడే పని. కప్పు కింద సచ్చినా పాయె గనీ కుర్చీల కూసోని సావ" అనేవాడు.

వరి పొట్టకొచ్చే వేళకు ఎలుకలు దిగాయి. గట్టు మీంచి చూస్తే పొలం పచ్చగానే ఉంటుంది. లోపలికి నడిస్తే నడిమధ్యన చాప పరిచినట్టు మడులు బోడి, కాడలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉంటాయి. పక్క పొలం రైతు బొక్కల్లో గ్యాసు మందు పెట్టమన్నాడు. బావ ఒప్పుకోలేదు. "కండ్లకు కానరాని దానితోని సంపుడు నాకొద్దు. గ్యాసంటే ఏందో కిందున్నోనికి ఎరుక." మరి బోను పెట్టమంటే, "అవి దోస్తులు గదనే" అని నసిగాడు.

"దోస్తులైతే నీ పళ్లెంల తినుమను. నా పొలంల ఎందుకు?" అన్నది అక్క.

ఆ మాటకు లొంగి బోను చేయించాడు. గోదావరిఖనిలో వెల్డింగ్ షాపు భాయ్ దగ్గర కూర్చొని, గనిలోకి మనుషుల్ని దించే ఇనుప పంజరంలాగే చేయించాడు, తలుపూ గొళ్లెంతో సహా. భాయ్ పని ముగించి, అద్దాలు పైకెత్తి అడిగాడు: "సాబ్, ఇది ఎలుకకా, షేర్‌కా?" పులికి సరిపోయే బోనే, భాయ్ అడగడంలో న్యాయముంది. ఊచల మధ్య సందులోంచి ఎలుకలు దర్జాగా వచ్చి పల్లీలు తిని వెళ్లాయి. తెల్లారేసరికి లోపల పక్కింటివాళ్ల పుంజు ఉంది. అక్క వంగి గొళ్లెం తీసింది. "కూరకైతే మంచిగనే పట్టినవ్. మంది కోడి, గదొక్కటే ఇబ్బంది."

తర్వాత మంచిర్యాల అంగడి నుంచి వెదురు బుట్టలు తెచ్చాడు. విల్లులా వంచిన బద్ద ఉంటుంది. లోపలి గింజలను ఎలుక ముట్టగానే బద్ద విడిపోయి మెడ మీద పడుతుంది. కానీ ఎలుక కొత్త వస్తువును నమ్మదు. అందుకని కొన్ని రోజులు బద్ద బిగించకుండా, నూనె కలిపిన నూకలు ఊరికే పెట్టాలి. భయం తీరాక బిగించాలి. బావ నూకలు పెట్టాడు. పెడుతూనే ఉన్నాడు.

"ఇంకెన్నొద్దులయ్యా? పెండ్లి విందా?"

"ఇంక మరిగినట్టు లేవే."

"మరిగినయి, పక్క పొలంల నుంచి చుట్టాలను గూడ తోలుకొస్తున్నయి."

నిజమే. బద్ద బిగించడానికి బావకు చెయ్యి రావడం లేదు. ఒకరోజు అక్క స్వయంగా పొలంలోకి దిగింది. బోడి మడులన్నీ తిరిగి చూసింది. తిట్టలేదు. గట్టెక్కి కాళ్లు కడుక్కొని, బావకు వినపడేటట్టు బిడ్డకు ఫోన్ చేసింది: "పైన అర్ర జర సాపు జేసి పెట్టు బిడ్డా." అక్క తిట్టకపోతే ఎంత ప్రమాదమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం బావ గట్టు పొడుగునా ఉన్న బొక్కలన్నిటినీ బురదతో మూసేశాడు. పొద్దున చూస్తే కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి. లోపల ఎలుకలున్నవి అవే. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. బావ గట్టు మీద గొంతుక్కూర్చొని పుల్లతో నేల మీద గీతలు గీశాడు.

"బామ్మర్దీ, ఏ గనికైనా రెండు దారులు ఉండాలె. ఒక్కటే దారి ఉంటే మనిషిని దించనియ్యరు. గిన్ని తెలివిగల్లయి ఒక్క దారే పెట్టుకుంటయా?"

"రెండోది కనబడ్తలేదు గద బావా."

"కనబడ్తే అది దారెట్లయితది? నువ్వు జర నోరు మూసుకో."

లేచి, చేతికర్రతో గట్టును కొట్టుకుంటూ పోయాడు, గనిలో కప్పును కొట్టి విన్నట్టే, తల ఒక పక్కకు వంచి. ఠక్, ఠక్, ఠక్. అవతలి వైపు గరిక దుబ్బు దగ్గర మోత మారింది, డొల్లగా. గరిక తప్పించి చూస్తే చేతి మందాన మట్టి పొర. ఆపద వస్తే తలతో పొడుచుకొని బయటపడడానికి ఎలుకలు లోపలి నుంచి వదిలిపెట్టుకున్న దారి అది. బావ ఆ పొర తీసి, బుట్ట నోటిని అక్కడ ఆనించి, చుట్టూ బురద మెత్తాడు. ఈసారి బద్ద బిగించాడు. ఇవతలి బొక్క దగ్గర చిల్లు కుండలో ఎండుగడ్డి రాజేసి, పొగను నన్ను ఊదమన్నాడు. ఊదబోయే ముందు బొక్క దగ్గర వంగి, మెల్లగా, మనిషితో చెప్పినట్టే చెప్పాడు: "షిఫ్ట్ అయిపోయింది. ఎక్కుండ్రి."

ఎక్కాయి.

ఒకటి పడగానే ఇంకో బుట్ట. కర్ర, కుండ, బుట్టలు, అదే వరస. గట్టు తర్వాత గట్టు. పొగకు నా కళ్లు ఉబ్బిపోయాయి, బావ మాత్రం పెళ్లి పెద్దలా తిరిగాడు. వాగు ఒడ్డున, పంట లేని చోట ఉన్న ఒక్క బొక్క జోలికి మాత్రం పోలేదు. "అవి మనదాంట్లకు వస్తలేవు" అన్నాడు. దాని ముందు చారెడు నూకలు ఎవరు పోశారో అక్క అడగలేదు.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిలిచేవాళ్లు. కర్ర పట్టుకొని పోయేవాడు, చాయ్ తాగి వచ్చేవాడు. కర్ర ఇమ్మని కొందరు అడిగారు, ఇచ్చాడు. వాళ్లకు గట్టు ఏమీ చెప్పలేదట, తెచ్చి ఇచ్చేశారు.

నాకు మాత్రం ఆ మొదటి పంట ఇంటికొచ్చిన రోజే మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. వాకిట్లో వడ్లు కుప్ప పోశాం. బావ దాని చుట్టూ తిరుగుతున్నాడు గానీ అక్క ముఖం చూడడం లేదు. అక్క ఒక గింజ కొరికి, పొట్టు ఊసి, నన్ను పిలిచింది.

"తమ్మీ, ట్రాలీ ఆటో దొరుకుతదా?"

బావ నిలబడిపోయాడు. "ఎందుకే? వడ్లు వచ్చినయి గద."

"నా బీరువ బిడ్డింట్లనే ఉండె. ఎన్నొద్దులు సంచులల్ల చీరెలు పెట్టుకోవాలె? ఇద్దరు పోయి తెండ్రి."

బావ స్నానం చేయలేదు, అంగీ మార్చలేదు. వంటి నిండా వడ్ల దుగ్గుతోనే ట్రాలీ ఎక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు తాడు కట్టినా నమ్మకం లేక, నిలువుటద్దం వెనక్కి ఉండేలా బీరువాను కావలించుకొని నిలబడ్డాడు. గోదావరి వంతెన మీదికి రాగానే అద్దంలో ఎండ పడి, వెనక వస్తున్న బొగ్గు లారీ డ్రైవరు కళ్లు చికిలించి హారన్ కొట్టాడు. బావ ఒక చెయ్యి తీసి, ఊరేగింపులో పెళ్లికొడుకులా అతనికి ఊపాడు. అద్దంలో నీళ్లు, ఇసుక మేటలు, ఆకాశం అన్నీ కలిసి వంతెన పొడుగునా మా వెంబడే వచ్చాయి.