జిడ్డు నీళ్ల తగాదా

డెబ్బయిల మొదట్లో నేను ఉప్పల్ దగ్గర ఒక ప్రయోగశాలలో కెమిస్టుని. ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో నూనె, జిడ్డు ఎంతుందో తేల్చడం నా పని. నూనె మిల్లు నీళ్లు తన వరి మడిలోకి వస్తున్నాయని నాచారం రైతు ఒకాయన అర్జీ పెడితే, నమూనా తెమ్మని నన్ను పంపారు.

మిల్లు వెనక గోడ కింద తూము. రైతు పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. నేను దిగి గాజు సీసాతో నీళ్లు పట్టి మూత బిగిస్తుంటే, మిల్లు మేస్త్రీ పరుగున వచ్చాడు. అతను రైతు చెల్లెలి మొగుడని నాకప్పుడే తెలిసింది.

"మిల్లు మూయిస్తవా బావా? నా పిల్లలేం తినాలె?"

"నా మడి సూసినవా? నారంత కుళ్లిపాయె!"

మేస్త్రీ నా చేతిలోని సీసా గుంజుకుని సగం పారబోశాడు. "ఇగో సార్, గివి సాలు. తీస్కపో."

అవి పనికిరావు. జిడ్డు సీసా గోడలకు అంటుకుంటుంది. అందుకే పట్టిన నీళ్లన్నీ వాడి, సీసాను కూడా జిడ్డును కరిగించే ద్రావకంతో కడిగి కలుపుతాం. "లెక్క తప్పుతుంది, ఇంకో సీసా పట్టాలి," అన్నాను.

అది వెక్కిరింతలా వినిపించిందేమో, మేస్త్రీ సీసాను రాయికేసి కొట్టి, మిగిలిన ముక్కతో నా మీదికొచ్చాడు. అడ్డం పెట్టిన అరచేయి మణికట్టు దాకా చీలింది. రైతు పార తిప్పి అతని భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. కింద పడ్డాక కూడా కొట్టాడు, పక్కటెముకల మీద, మోకాలి మీద.

"ఆపవయ్యా, చచ్చిపోతాడు!" అని అరుస్తూ అడ్డం పోయి, జిడ్డుకు కాలు జారి మేస్త్రీ మీదే పడ్డాను. అతని నోటి నెత్తురు నా చొక్కాకు అంటింది.

అప్పుడు పార వదిలేశాడు రైతు. "లే బావా, జర లే. చెల్లెకు నేనేం జెప్పాలె?" అని బావురుమన్నాడు.

తర్వాత పోలీసు కాపలాతో మా వాళ్లు మళ్లీ నీళ్లు తెచ్చారు. ద్రావకం ఆవిరయ్యాక గిన్నె అడుగున పచ్చటి జిడ్డు పొర మిగిలింది. చేతికి కట్టుతోనే తూకం వేశాను. మిల్లు జిడ్డు ఆపే తొట్టి కట్టక తప్పలేదు. మేస్త్రీ బతికాడు గాని భుజం విరిగిన చేయి మళ్లీ పైకి లేవలేదు. మిల్లు అతన్ని తీసేసింది. రైతు జైలుకు పోయాడు.

మరుసటి పంటకు నేను మళ్లీ వెళితే, రైతు మడిలో అతని చెల్లెలే నాట్లు వేస్తోంది.

"రెండిండ్లకు తిండి ఈడికెళ్లే రావాలె సార్," అంది, తలెత్తకుండానే.